వెలుగువేటు దూరము

(ప్రసంగ పాఠము)

దూరమును చెప్పుటకు తెలుగువారికి ముచ్చటైన మాటలు కొన్ని కలవు. పొరుగూరు ఎంత దూరమని బాటసారి అడిగినచో, కూతవేటు దూరమని పల్లెవాడు చెప్పును. అంతకంటె దగ్గరయైనచో రాతివేటు అనును. ఎక్కువయైనచో కోసనును, ఆమడ యనును. కూతవేటు, రాతివేటు అను మాటలను కొంచెము పరిశీలింపుడు. ఇవి గొలుసు పట్టి నేలను కొలిచి చెప్పినవి కావు. మనిషి తానున్నచోటనే నిలిచి, తనయొద్దనుండి కూతనో రాతినో పంపి, అది చేరుటను బట్టి దూరమును నిర్ణయించినాడు. నేడు నేను చెప్పబోవు సాధనము కూడ ఈ జాతిలోనిదే. ఇది పంపునది కూత కాదు, రాయి కాదు, వెలుగు. వెలుగు పోయి, తగిలి, తిరిగి వచ్చుటకు పట్టిన కాలమును లెక్కించి, దూరమును అంకెలలో చూపును. దీనిని లేజరు దూరమాపక దుర్భిణి యనవచ్చును. రెండు కన్నులతో చూచు జంట దుర్భిణిలోనే ఈ యంత్రము ఇమిడియుండును. బహుదూరముననున్న గురిని తుపాకితో కొట్టు క్రీడాకారులు దీనిని విరివిగా వాడుచున్నారు.

తుపాకి కొట్టుటకు దూరము తెలియనేల అని కొందరికి సందేహము కలుగవచ్చును. గుండు సూటిగా పోవునని మనలో చాలమంది తలంతురు. వాడు తుపాకి గుండువలె దూసికొనిపోయినాడని వాడుకలో చెప్పుకొందుము. నిజమునకు ఏ గుండును సూటిగా పోదు. గొట్టమును విడిచిన క్షణమునుండియే భూమి దానిని తనవైపునకు లాగుచుండును. గాలి దాని వేగమును అంతకంతకు తగ్గించుచుండును. కావున గుండు నడచు దారి సరళరేఖ కాదు, వంపు. ఆ వంపు మొదట స్వల్పము, చివర అధికము.

ఒక ఉదాహరణము చెప్పెదను. దీర్ఘదూరపు పోటీలలో బహుకాలముగా వాడుకలోనున్న తూటాలలో .308 విన్‌చెస్టర్ అనునది యొకటి. దానియందు 175 గ్రెయినుల బరువుగల గుండు సెకండుకు సుమారు 790 మీటర్ల వేగముతో బయలుదేరునని అనుకొందము. 1000 గజములు, అనగా 914 మీటర్లు పోవుటకు దానికి ఒకటిన్నర సెకండుకు పైగా పట్టును. 100 గజముల దూరమునకు సరిచేసిన తుపాకితో, ఏ సవరణయు చేయక, 1000 గజముల గురిని కొట్టినచో గుండు సుమారు 10 మీటర్లు క్రిందుగా పోవును. మూడంతస్తుల మేడ యెత్తు అది. కావున తుపాకి దృష్టిసాధనమును ఆ మేరకు పైకి సవరింపవలెను. ఎంత సవరింపవలెనో తెలియుటకు దూరము తెలియవలెను.

దూరమున కొద్దిపాటి పొరపాటు జరిగినచో ఏమగునో చూతము. 300 మీటర్ల దూరమున ఈ గుండు ఒక్కొక్క మీటరు ముందుకు పోవునప్పటికి సుమారు 3 మిల్లీమీటర్లు దిగుచుండును. పది మీటర్ల పొరపాటునకు మూడు సెంటీమీటర్ల తేడా మాత్రమే వచ్చును. అంతర్జాతీయ పోటీలలో 300 మీటర్ల లక్ష్యమునందు పది మార్కుల వలయము 10 సెంటీమీటర్ల వ్యాసము కలది. కావున ఆ పొరపాటును వలయము భరింపగలదు. అదే గుండు 1000 గజములు చేరునప్పటికి, ఒక్కొక్క మీటరునకు సుమారు రెండు సెంటీమీటర్లు దిగుచుండును. పది మీటర్ల పొరపాటు ఇరువది సెంటీమీటర్లగును. ఇరువది మీటర్ల పొరపాటు నలువదియగును. అమెరికాలో వాడుకలోనున్న 1000 గజముల లక్ష్యమున పది మార్కుల వలయము 20 అంగుళముల వ్యాసము కలది; కేంద్రమునుండి అంచువరకు ఇరువదియైదు సెంటీమీటర్లు. అనగా దూరమును ఇరువది మీటర్లు తప్పుగా తెలిసికొన్నవాని గుండు, మిగిలిన పనియంతయు దోషరహితముగా చేసినను, ఆ వలయములో పడదు.

అయినచో ఈ సాధనము పుట్టకముందు దీర్ఘదూరపు లక్ష్యవేధనము ఎట్లు జరిగినది? దీనికి సమాధానము తేలిక. ఆ దూరములను ముందుగానే కొలిచి పెట్టిరి. ఇంగ్లండులో 1860 సంవత్సరమున వింబుల్డన్ మైదానమున జాతీయ రైఫిల్ సంఘము తన మొదటి పోటీలను జరిపినపుడు, విక్టోరియా రాణి మొదటి గుండును పేల్చెను. 1890లో ఆ పోటీలు బిస్లే మైదానమునకు మారి నేటివరకు అక్కడనే జరుగుచున్నవి. అమెరికాలో 1907 నుండి ఒహాయో రాష్ట్రమందలి క్యాంప్ పెర్రీ ఇట్టి పోటీలకు ప్రసిద్ధి కెక్కినది. ఈ మైదానములలో కాల్చు స్థానములు లక్ష్యములకు ఇన్ని గజములని కొలిచి నిలిపినవి. మన దేశమున 1951లో భారత జాతీయ రైఫిల్ సంఘము ఏర్పడినది. మన క్రీడాకారులు పాల్గొను ఒలింపిక్ రైఫిల్ పోటీలును నిర్ణీత దూరముల పోటీలే. హైదరాబాదువాడైన గగన్ నారంగ్ 2012లో లండను ఒలింపిక్ క్రీడలయందు కాంస్య పతకమును గెలిచినది పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో. అక్కడ దూరమును గూర్చిన చింత లేదు.

అయితే మరియొక విధమైన పోటీలు గలవు. అవి కొండలలోను, లోయలలోను, బయళ్లలోను జరుగును. ఇనుప రేకుల లక్ష్యములను అక్కడక్కడ నిలుపుదురు. ఇటీవలి కాలమున అమెరికాలో ఇట్టివి బాగుగా వ్యాపించినవి. 2012లో ఆరంభమైన ప్రెసిషన్ రైఫిల్ సిరీస్ వీనికి ఊపు నిచ్చినది. తరువాత వచ్చిన నేషనల్ రైఫిల్ లీగ్ హంటర్ అను పోటీవరుసలో నియమము మరింత కఠినము. పోటీదారుడు లక్ష్యములను తానే వెదకవలెను, దూరమును తానే కొలిచికొనవలెను, అటుపైన కాల్చవలెను. ఇదంతయు కొద్ది నిమిషములలో ముగియవలెను. లేజరు దుర్భిణికి నిజమైన పని అట్టిచోట గలదు.

కంటి అంచనాతో దూరమును చెప్పుట పూర్వము సైనికులకు నేర్పెడి విద్య. కాని కన్ను మోసము చేయును. సూర్యకాంతి బాగుగా పడిన వస్తువు ఉన్నదానికంటె దగ్గరగా తోచును. నీడలోనిది దూరముగా తోచును. నడుమ లోయగాని నీరుగాని యున్నచో మరియు దగ్గరగా కనబడును. గోదావరి గట్టున నిలిచి ఆవలి యొడ్డును చూచినవారెల్ల దీనిని ఎరుగుదురు.

అంచనాకంటె మెరుగైనది, తుపాకి దుర్భిణియందలి గీతల లెక్క. ఒక మీటరు ఎత్తుగల వస్తువు వేయి మీటర్ల దూరమున ఒక మిల్లీరేడియను కోణమును ఆక్రమించును. దీనినే క్రీడాకారులు మిల్లు అందురు. వస్తువు ఎత్తును మీటర్లలో తీసికొని, వేయితో గుణించి, అది ఆక్రమించిన మిల్లులతో భాగించినచో దూరము వచ్చును. అరమీటరు ఎత్తుగల రేకు 0.8 మిల్లులుగా కనబడినచో దూరము 625 మీటర్లు. అదే రేకును 0.7 అని చదివినచో 714 మీటర్లగును. మిల్లులో పదవవంతు తేడాకు దూరమున 89 మీటర్ల తేడా! అదియునుగాక వస్తువు ఎత్తు ముందుగా తెలిసియుండవలెను. అరమీటరని తలంచిన రేకు నిజముగా నలువది సెంటీమీటర్లే యైనచో లెక్కయంతయు తప్పును.

మూడవ మార్గము త్రిభుజము. భూమిని కొలుచువారు దీనిని బహుకాలముగా ఎరుగుదురు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర పరంగికొండ సమీపమున ఏడున్నర మైళ్ల ఆధారరేఖను ఉక్కు గొలుసుతో కొలిచెను. అందులకు 57 దినములు పట్టినది. ఆ ఒక్క రేఖను, దాని కొనలనుండి చూచిన కోణములను ఆధారము చేసికొని త్రిభుజములపై త్రిభుజములను కట్టుకొనుచు పోయిరి. ఆ కొలత ఉత్తరముగా సాగి మన రాయలసీమమీదుగా పోయి, కాలక్రమమున హిమాలయములను చేరినది. ఆధారరేఖ ఎంత పొడవైనదో ఫలితము అంత గట్టిది.

ఈ త్రిభుజమునే చిన్నదిగా చేసి మనిషి మోయదగిన గొట్టములో ఇమిడ్చినవారు ఆర్చిబాల్డ్ బార్, విలియం స్ట్రౌడ్ అను ఆచార్యులు. బ్రిటిషు యుద్ధశాఖ కోరిక ననుసరించి 1888లో వారు దూరమాపకమును రూపొందించిరి. ఒక గొట్టము రెండు కొనలనుండియు లక్ష్యమును చూతురు. రెండు బింబములను కలుపుటకు ఎంత త్రిప్పవలసి వచ్చినదో దానినిబట్టి దూరము తెలియును. ఆ సాధనము యుద్ధనౌకలమీద బాగుగా పనిచేసినది. కాని భుజముపై మోసికొనిపోవుటకు తగినది కావలెనన్నచో గొట్టము మీటరుకంటె పొడవుండరాదు. మీటరు గొట్టమునకు వేయి మీటర్లవద్ద ఏర్పడు కోణము ఒక డిగ్రీలో పదునేడవ వంతు. కోణమున పొరపాటు ఎంత స్వల్పమైనను, దూరము రెట్టింపైనపుడు దూరపు పొరపాటు నాలుగు రెట్లగును. వేయి మీటర్లవద్ద పది మీటర్లు తప్పునది రెండువేల మీటర్లవద్ద నలువది మీటర్లు తప్పును. త్రిభుజ మార్గమున ఈ లోపము తొలగునది కాదు.

ఇక కాలముతో దూరమును కొలుచుట. ఇది మనకు క్రొత్త కాదు. మెరుపు మెరిసినపిదప ఉరుము వినబడువరకు లెక్కపెట్టి, పిడుగు ఎంత దూరమున పడినదో చెప్పుట అందరును ఎరిగినదే. ధ్వని సెకండుకు సుమారు 340 మీటర్లు పోవును. కొండకెదురుగా నిలిచి కేకవేసి, రెండు సెకండులకు ప్రతిధ్వనిని విన్నచో, కొండ 340 మీటర్ల దూరమున నున్నదని అర్థము. కేక పోవుటకు ఒక సెకండు, వచ్చుటకు ఒక సెకండు. లేజరు దుర్భిణి రహస్యమంతయు ఇంతే. కేకకు బదులు వెలుగు. కాని వెలుగు వేగము సెకండుకు 29,97,92,458 మీటర్లు. వేయి మీటర్ల దూరముననున్న గురిని తాకి తిరిగివచ్చుటకు దానికి సెకండులో పదిలక్షలవ భాగములు ఆరుముప్పాతిక కూడ పట్టవు. ఒక్క మీటరు తేడాను పసిగట్టవలెనన్నచో సెకండును నూరుకోట్ల భాగములు చేసి, వానిలో ఆరేడు భాగముల తేడాను గుర్తింపవలెను.

ఇట్టి వేగమును మనిషి ఎట్లు పట్టుకొన్నాడు? 1849లో ఫ్రాన్సు దేశమున ఫిజో అను శాస్త్రజ్ఞుడు పారిస్ పరిసరమున ఎనిమిదిన్నర కిలోమీటర్లకు పైబడిన దూరమున అద్దమును నిలిపి, వేగముగా తిరుగు పండ్లచక్రముగుండ వెలుగును పంపి, తిరిగివచ్చు వెలుగును చూచి, దాని వేగమును గణించెను. అతనికి దూరము తెలియును, వేగము తెలియదు. నేడు మనకు వేగము తెలియును, దూరము తెలియవలెను. లెక్క అదియే, తలక్రిందులుగా. 1983లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ మీటరునకే క్రొత్త నిర్వచనము నిచ్చినది. శూన్యమున వెలుగు సెకండులో 29,97,92,458వ వంతు కాలమున పోవు దూరమే మీటరు. ఆ దినమునుండి వెలుగే మన కొలబద్ద.

మామూలు దీపపు వెలుగు నాలుగు దిక్కులకు చెదరును గనుక ఈ పనికి చాలదు. ఒకే దిక్కున, ఒకే రంగున, క్రమశిక్షణతో నడచు వెలుగు కావలెను. అట్టి వెలుగునకు మూలమైన సూత్రమును 1917లో ఐన్‌స్టయిన్ చెప్పెను. 1960 మే 16వ తేదీన అమెరికాలో థియొడర్ మైమాన్ కెంపురాతి కడ్డీతో మొదటి లేజరును వెలిగించెను. కొద్ది యేండ్లలోనే సైన్యములు దానితో దూరమును కొలువసాగినవి. 1969 జూలైలో అపోలో 11 యాత్రికులు చంద్రునిపై నుంచివచ్చిన అద్దపు పలకకు లేజరు వెలుగును పంపి, సుమారు రెండున్నర సెకండులలో తిరిగివచ్చిన వెలుగును పట్టి, చంద్రుని దూరమును కొలిచిరి.

జంట దుర్భిణి చరిత్ర వేరు. పట్టకములతో కూడిన నేటి పద్ధతి దుర్భిణిని జర్మనీలోని జైస్ సంస్థ 1894లో బజారునకు తెచ్చినది. దాదాపు నూరేండ్ల తరువాత, 1992లో, జర్మనీకే చెందిన లైకా సంస్థ జియోవిడ్ అను పేరుతో లేజరు దూరమాపకమును ఇముడ్చుకొన్న జంట దుర్భిణిని వెలువరించినది. తరువాత అనేక సంస్థలు అదే దారి పట్టినవి. దుర్భిణిపై 10×42 అని వ్రాసియున్నచో, అది వస్తువును పదిరెట్లు దగ్గరగా చూపుననియు, ముందరి కటకము వ్యాసము 42 మిల్లీమీటర్లనియు అర్థము. మీట నొక్కినచో కంటికి కనబడని పరారుణ కాంతి తునకలు వెలువడును. చాల సాధనములలో వాని తరంగదైర్ఘ్యము 905 నానోమీటర్లు. తిరిగివచ్చిన వెలుగును సున్నితమైన గ్రాహకము పట్టుకొనును. లోపలి గడియారము కాలమును గణించును. ఒక్క తునకను నమ్ముకొనక, అనేక తునకల ఫలితమును కూర్చి చూచి, కన్ను చూచుచున్న దృశ్యముమీదనే అంకెలను వెలిగించును.

ఇంతవరకు సాధనము గొప్పతనమును చెప్పితిని. ఇక దాని హద్దులను చెప్పవలెను. క్రీడాకారుడు చెడుట సాధారణముగా ఇచ్చటనే.

మొదటి హద్దు: లేజరు వెలుగు దారమువంటిదని భ్రమపడరాదు. అదియు దూరము పోయినకొలది వెడల్పగును. ఒక మిల్లీరేడియను మేర విస్తరించు పుంజము వేయి మీటర్లవద్ద ఒక మీటరు వెడల్పు మచ్చ యగును. అరమీటరు రేకుమీద మీటరు మచ్చ పడినచో, మిగిలిన వెలుగు రేకు ప్రక్కనుండి పోయి వెనుకనున్న మట్టిగట్టునకో చెట్టునకో తగులును. అప్పుడు యంత్రము చూపు అంకె రేకుదా, గట్టుదా? యంత్రము అబద్ధమాడదు, కాని తనకు తిరిగివచ్చిన వెలుగును గూర్చియే చెప్పును, మనము కోరిన వస్తువును గూర్చి కాదు. పొగమంచున, సన్నని వానలో, ముందున్న గడ్డిపరకలకు తగిలి తిరిగివచ్చిన వెలుగును కూడ అది లెక్కింపవచ్చును. అందువలననే కొన్ని సాధనములలో మొదట తగిలినదాని దూరమును చూపు ఏర్పాటు, చివర తగిలినదాని దూరమును చూపు ఏర్పాటు వేర్వేరుగా నుండును.

రెండవది: పెట్టెమీద ముద్రించిన గరిష్ఠ దూరము. అది సాధారణముగా వెలుగును బాగుగా త్రిప్పికొట్టు ఉపరితలమునకు వర్తించును. తెల్లసున్నము వేసిన గోడ వేరు, నల్లని చెట్టు మొదలు వేరు. ఏటవాలుగా నిలిపిన నునుపైన రేకు అద్దమువలె వెలుగును వేరొక ప్రక్కకు పంపివేయును. మధ్యాహ్నపు తీవ్రమైన ఎండలో సూర్యుని వెలుగు గ్రాహకమును నింపివేయుటచేత సాధనము చూపు తగ్గును. ఉదయ సాయంకాలములలో, మబ్బు కమ్మినపుడు అదే సాధనము మరింత దూరము కొలువగలదు.

మూడవది: గురిచుక్క కనబడుచోటనే వెలుగు పడుచున్నదని నమ్మకము లేదు. రెంటికిని కొద్ది తేడా యుండవచ్చును. దీనిని పరీక్షించుట తేలిక. ఆకాశము వెనుకగా ఒంటరిగా నిలిచిన స్తంభమును ఎన్నుకొని, ఎడమనుండి కుడికి మెల్లగా త్రిప్పుచు మీట నొక్కుచుండవలెను. ఎచ్చట అంకె వెలిగినదో, ఎచ్చట ఆగినదో గుర్తింపవలెను. అట్లే దూలమో ఇంటికప్పు అంచో చూచి క్రిందినుండి మీదికి పరీక్షింపవలెను. తన దుర్భిణి వెలుగు చుక్కకు ఏ ప్రక్కగా పడునో తెలిసినవాడు పోటీలో తడబడడు.

ఇక వాడు పద్ధతి. చేతబట్టి కొలిచినచో పదిరెట్లు పెంచిన దృశ్యమున చేతివణకు కూడ పదిరెట్లగును. కావున ముక్కాలిపీటపై నిలుపుట మేలు. మొదట లక్ష్యమును కన్నులార చూచి గుర్తింపవలెను, పిదప కొలువవలెను. ఒక్క అంకెతో తృప్తి చెందరాదు. నాలుగైదు మార్లు కొలిచి, అంకెలు ఏకీభవించుచున్నవో లేదో చూడవలెను. రేకు చిన్నదైనచో దాని ప్రక్కనే, అదే దూరముననున్న బండనో పొదనో కొలువవలెను. తరువాత కావలయునని ముందరి నేలను, వెనుకటి గట్టును వేర్వేరుగా కొలిచి, లక్ష్యపు దూరము ఆ రెంటి నడుమ నున్నదా అని సరిచూచుకొనవలెను. మిల్లుల లెక్కను కూడ ఒకమారు వేసి చూచినచో నష్టము లేదు. లేజరు 820 అని, మిల్లు లెక్క 790 అని చెప్పినచో లేజరును నమ్మవచ్చును. లేజరు 820 అని, మిల్లు లెక్క 600 అని చెప్పినచో ఆగి ఆలోచింపవలెను.

లక్ష్యమును గుర్తించుటను గూర్చి ఒక ప్రసిద్ధ వృత్తాంతము కలదు. 1874 సెప్టెంబరులో న్యూయార్కు దగ్గర క్రీడ్‌మూర్ మైదానమున ఐర్లండు జట్టునకు, అమెరికా జట్టునకు 800, 900, 1000 గజముల పోటీ జరిగినది. అమెరికావారు 934 మార్కులతో గెలిచిరి. ఐర్లండువారికి వచ్చినవి 931. ఐర్లండు క్రీడాకారులలో ఒకడు నిండుగా నడిమి గురిని కొట్టెను. కాని అది తన లక్ష్యము కాదు, ప్రక్కవారి లక్ష్యము. దానికి సున్న వచ్చెను. ఆ గుండు తన గురిమీద పడియుండినచో నాలుగు మార్కులు వచ్చెడివి. గెలుపు చేతులు మారెడిది. అక్కడ దూరము గజమువరకు తెలిసియుండెను. తెలియనిది ఏది తన గురి యనుట మాత్రమే. నేటి యంత్రము సైతము ఈ పొరపాటును ఆపలేదు. ప్రక్క రేకు దూరమును ఎంత నిక్కముగా చెప్పినను అది ప్రక్క రేకు దూరమే.

మరి రెండు అంశములను జ్ఞాపకముంచుకొనవలెను. ఒకటి ఏటవాలు. కొండమీదనుండి లోయలోనికి కొట్టునపుడు లేజరు చూపునది ఏటవాలు దూరము. భూమి యాకర్షణ పనిచేయునది మాత్రము అడ్డదూరమును బట్టి. 30 డిగ్రీల వాలున 600 మీటర్లని చూపినచో, సవరణకు తీసికొనవలసినది సుమారు 520 మీటర్లు. దీనిని మరచి 600 మీటర్లకు సవరించినవాని గుండు గురికి పైగా పోవును. మీదికి కొట్టినను, క్రిందికి కొట్టినను పైగానే పోవును. నేటి దుర్భిణులలో చాలవానియందు కోణమాపకము కూడ నుండి ఈ లెక్కను అదియే చేయును. కాని అది చూపు అంకె ఏటవాలు దూరమా, సవరించిన దూరమా అను సంగతి వాడువాడు ఎరిగియుండవలెను. సవరించినదానిని మరల సవరించుట అనుభవము లేనివారిలో కనబడు దోషము.

రెండవది గజములు, మీటర్లు. ఒకే సాధనము ఈ రెంటిలోను కొలువగలదు. చిన్న మీటతో మార్చుకొనవచ్చును. 900 గజములనగా 823 మీటర్లు. 900 అను అంకెను చూచి మీటర్లని తలంచినవాడు డెబ్బదియేడు మీటర్లు తప్పును. పోటీకి బయలుదేరుటకు ముందే దుర్భిణి, సవరణల పట్టిక, స్నేహితుని సాధనము అన్నియు ఒకే కొలతలో నున్నవా యని చూచుకొనుట బుద్ధిమంతుల లక్షణము.

ఈ దుర్భిణి వచ్చినపిదప లక్ష్యవేధనమున నేర్పునకు చోటు లేదని కొందరు చింతించుట కలదు. ఇప్పుడు కొన్ని సాధనములు ఉష్ణోగ్రతను, గాలి యొత్తిడిని కూడ తెలిసికొని, గుండు వేగమును ముందుగా తెలిపియుంచినచో, ఎంత పైకి సవరింపవలెనో అదియును చెప్పుచున్నవి. నిజమే. కాని వీచుగాలి యున్నది. ఇందాక చెప్పిన గుండునకు, అడ్డముగా గంటకు పది మైళ్ల గాలి వీచినచో, 1000 గజముల దూరమున రెండు మీటర్లకు పైగా ప్రక్కకు పోవును. పది మీటర్ల దూరపు పొరపాటుకంటె ఇది పదిరెట్లు పెద్దది. కాల్చువాని చెంత ఒక గాలి, నడిదారిలో ఒక గాలి, గురివద్ద ఒక గాలి వీచుచుండును. దూరమును కొలిచిన వెలుగు ఆ గాలిని కొలిచి చెప్పుట లేదు. దానిని గడ్డి వంగుటను బట్టి, దుమ్ము లేచుటను బట్టి, దుర్భిణిలో కనబడు ఎండమావుల ప్రవాహమును బట్టి మనిషియే చదువవలెను. ఇక్కడ జంట దుర్భిణి రెండవ ప్రయోజనము తెలియును. రెండు కన్నులతో చూచుటచేత అలసట తక్కువ. గంటలకొలది గాలిని గమనింపవచ్చును. కావున ఈ యంత్రము నేర్పును తీసివేయలేదు. నేర్పు పనిచేయవలసిన తావును మార్చినది. అంచనాకు పోయెడి బుద్ధి ఇప్పుడు పరీక్షకును, గాలికిని మిగిలినది.

చివరగా క్షేమమును గూర్చి. ఈ సాధనములందలి లేజరు సాధారణముగా కంటికి హాని చేయని మొదటి తరగతికి చెందినదై యుండును. కొనునపుడు ఆ గుర్తు ఉన్నదో లేదో చూడవలెను. అయినను ఎవరి కన్నులలోనికిని దానిని సూటిగా ప్రయోగించుట మర్యాద కాదు. ఏ దుర్భిణితోను సూర్యుని చూడరాదు. అంతకంటె ముఖ్యము మరియొకటి. గురిని తప్పిన గుండు అచ్చటనే ఆగదు, కిలోమీటర్లకొలది పోగలదు. కావున గురి దూరమును కొలిచినంతట పని తీరలేదు. గురి వెనుక గుండును ఆపు మట్టిగట్టు ఉన్నదా, ఆ గట్టు ఎంత దూరమున నున్నది, దానికి అటునిటు దారి గాని, చేను గాని, పశువులు గాని, మనుష్యులు గాని కలరా అని దుర్భిణితో వెదకిన పిదపనే తుపాకిపై చేయి వేయవలెను. మన దేశమున 1959 నాటి ఆయుధముల చట్టము ననుసరించి తుపాకికి లైసెన్సు అవసరము. కాల్చుట అనుమతి పొందిన మైదానములలోనే జరుగవలెను.

శ్రోతలలో తుపాకి పట్టువారు బహు కొద్దిమంది యుందురు. కాని దూరమును కొలుచు వెలుగు నేడు తుపాకివారి సొత్తు మాత్రమే కాదు. చెట్టు ఎత్తును కొలుచు అటవీశాఖవారు, రోడ్డు వేయు ఇంజనీర్లు, గోల్ఫ్ ఆడువారు సైతము దీని చుట్టములను వాడుచున్నారు. ఎవరు వాడినను నియమమొకటే. అంకె వెలిగినపుడు, ఈ వెలుగు దేనికి తగిలి వచ్చినది యని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనగలిగిన పిదపనే ఆ అంకెను నమ్మి పనికి పూనుకొనవలెను.